ఇంట్లో అత్యవసరం వచ్చినప్పుడు మైల్స్‌తో తీసుకున్న విమాన టికెట్‌ను మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో చేరారనో, పోయారనో కబురొచ్చిన గంటలో టికెట్ నియమాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా మైల్స్‌తోనో (విమాన సంస్థలు తమ సభ్యత్వ పథకాల్లో ఇచ్చే పాయింట్లు), కార్డు పాయింట్లతోనో తీసుకున్న అవార్డ్ టికెట్ మామూలు టికెట్ లాంటిది కాదు. మైల్స్ ఒక సంస్థవి, విమానం మరో సంస్థది అయి ఉండొచ్చు. సీటు దొరికే లెక్క వేరు, మైల్స్ వెనక్కి వచ్చే లెక్క వేరు. అందుకే పనికొచ్చే క్రమంలో, తొందరలో ఉన్నవాళ్లకు ముందు కావలసినవి ముందుగా ఇక్కడ పెట్టాం.

ఇప్పుడే కబురు తెలిసింది. కొన్ని గంటల్లో నా విమానం ఉంది, నేను దాన్ని ఎక్కలేను. మొట్టమొదట ఏం చేయాలి?

విమానం బయల్దేరేలోగా ఆ టికెట్‌ను రద్దు చేయండి, లేదా తేదీ మార్చండి. కొత్త తేదీ ఏదో తేలకపోయినా సరే. చెప్పకుండా ఎక్కడం మానేస్తే దాన్ని నో-షో అంటారు. నో-షో పడిందంటే చాలా పథకాల్లో మైల్స్ మొత్తం పోతాయి. కొన్నింటిలో మామూలు రద్దు రుసుం కంటే బాగా ఎక్కువ కడితేనే తిరిగొస్తాయి. అంతటితో ఆగదు. మొదటి విమానం ఎక్కకపోతే అదే టికెట్ మీద ఉన్న తర్వాతి విమానాలు, తిరుగు ప్రయాణంతో సహా, వాటంతటవే రద్దయిపోతాయి.

ముందు వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో లాగిన్ అయి ‘రద్దు’ మీట ఉందేమో చూడండి. ఉంటే అక్కడ రుసుం ఎంతో, ఎన్ని మైల్స్ వెనక్కి వస్తాయో చూపిస్తుంది. ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి. మీట పనిచేయకపోతే ఫోన్ చేయండి. లైను దొరకడానికి గంట పట్టేలా ఉంటే ఈలోగా చాట్‌లోనూ, సంస్థ సోషల్ మీడియా ఖాతాకు సందేశంగానూ ‘ఈ బుకింగ్ రద్దు చేయండి’ అని పంపండి. విమానం బయల్దేరకముందే మీరు అడిగారని చూపించే రాతపూర్వక ఆధారం తర్వాత వాదించడానికి చాలా బలం.

గడువు అంటే సరిగ్గా ఎప్పటిదాకా?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ‘బయల్దేరే లోపు’ అన్నది అన్ని పథకాలకూ వర్తించే నియమం కాదు. ఉదాహరణకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ పథకంలో ఏవియోస్‌తో (అక్కడ మైల్స్‌కు పెట్టిన పేరు) తీసుకున్న టికెట్‌ను విమానానికి 24 గంటల ముందే రద్దు చేయాలి. ఆ తర్వాత చేస్తే ఏవియోస్ తిరిగి రావు. మరికొన్ని సంస్థలు చివరి నిమిషం దాకా ఒప్పుకుంటాయి.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది టికెట్ మీది మొదటి విమానం సమయం, అదీ ఆ విమానాశ్రయపు స్థానిక కాలమానంలో. మీరున్న చోటి గడియారం చూసుకుని ఇంకా నాలుగు గంటలుంది కదా అనుకుంటే మోసపోవచ్చు. అంతదూరం ఆలోచించే తీరిక లేకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రయాణానికి ఇంకా 24 గంటల కంటే కాస్త ఎక్కువ సమయం ఉందనగా అనుమానం మొదలైతే, అప్పుడే నిర్ణయం తీసుకోవడం చాలా పథకాల్లో లాభమే.

ఎవరికి ఫోన్ చేయాలి? మైల్స్ ఇచ్చిన సంస్థకా, విమానం నడిపే సంస్థకా?

టికెట్ జారీ చేసిన సంస్థకు. అంటే ఎవరి మైల్స్ వాడారో వాళ్లకు. విమానం మీద ఎవరి పేరుందన్నది ఈ దశలో అనవసరం.

సందేహముంటే టికెట్ నంబర్ చూడండి. అది 13 అంకెల సంఖ్య, ఈ-మెయిల్‌లో వచ్చిన రసీదు మీద ఉంటుంది. అందులో మొదటి మూడు అంకెలు జారీ చేసిన సంస్థను చెబుతాయి. 098 అయితే ఎయిర్ ఇండియా, 016 యునైటెడ్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్, 176 ఎమిరేట్స్, 157 ఖతార్ ఎయిర్‌వేస్, 220 లుఫ్తాన్సా, 014 ఎయిర్ కెనడా. ఉదాహరణకు మీ టికెట్ 016తో మొదలై విమానం లుఫ్తాన్సాది అయితే, లుఫ్తాన్సా కౌంటర్లో ఎంతసేపు నిలబడినా ‘యునైటెడ్‌ని అడగండి’ అనే అంటారు. వాళ్లు మొండికేయడం కాదది. ఆ టికెట్‌ను ముట్టుకునే అధికారం వాళ్ల కంప్యూటర్ వాళ్లకివ్వదు.

బ్యాంకు కార్డు పోర్టల్లో పాయింట్లు కట్టి కొన్న టికెట్ మాత్రం వేరే సంగతి. అది లోపల మామూలు నగదు టికెట్టే. దాన్ని పోర్టల్ నడిపే ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే మార్చుకోవాలి, ఈ పేజీలోని చాలా విషయాలు దానికి వర్తించవు.

ఉన్న టికెట్‌ను మార్చుకోవడం మంచిదా, రద్దు చేసి కొత్తది తీసుకోవడం మంచిదా?

రెండింటి ధరా కట్టి చూడకుండా చెప్పలేం. కానీ ఎలా తేల్చుకోవాలో చెప్పగలం.

‘మార్పు’ అన్నప్పుడు చాలా పథకాలు పాత టికెట్ ధరను పక్కనపెట్టి ఈరోజు ధర ప్రకారం కొత్తగా మైల్స్ లెక్కగడతాయి. గిరాకీని బట్టి మైల్స్ మారే పథకాల్లో రేపటి విమానానికి పాతదానికి రెండింతలో మూడింతలో పడొచ్చు. స్థిరమైన పట్టిక ఉన్న పథకాల్లో ఆ బెడద తక్కువ. కాకపోతే అదే తరగతి అవార్డ్ సీటు కొత్త తేదీన ఖాళీగా ఉండాలి.

రద్దు రుసుం లేని పథకమైతే కొత్తగా తీసుకోవడమే తేలిక. అమెరికన్, యునైటెడ్ సంస్థలు సాధారణ అవార్డ్ టికెట్ల మీద మైల్స్ తిరిగి జమచేసే రుసుం తీసేశాయి. అలాంటి చోట మార్పు కోసం ఏజెంటుతో గంటసేపు కుస్తీ పట్టనక్కర్లేదు. కొత్త టికెట్ తీసుకుని పాతది రద్దు చేస్తే పని అయిపోతుంది. రద్దుకు మనిషికింత అని రుసుం ఉండి, మార్పు ఉచితమైతే లెక్క తిరగబడుతుంది. కొన్ని పథకాల్లో తేదీ మార్పు ఉచితంగా చేస్తారు గానీ ఊళ్లు మారిస్తే, విమాన సంస్థ మారితే రద్దు కిందే లెక్కిస్తారు. కబురొచ్చిన ఊరు వేరే చోట ఉంటే ఇది మీకు సరిగ్గా తగులుతుంది.

రుసుం మనిషికా, బుకింగ్‌కా అన్నది తప్పకుండా అడగండి. నలుగురి కుటుంబానికి ఆ ఒక్క మాట నాలుగింతల తేడా.

కొత్త టికెట్‌కు నా ఖాతాలో మైల్స్ చాలవు. పాతది ముందే రద్దు చేసి ఆ మైల్స్ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. అయితే ముందు మూడు విషయాలు చూసుకోండి.

కొత్త సీటు ఖాళీగా ఉందో లేదో వెతికి, తెర మీద కనిపిస్తుండగానే రద్దుకు వెళ్లండి. రద్దయిన మైల్స్ కొన్ని పథకాల్లో నిమిషాల్లో ఖాతాకు చేరతాయి, కొన్నింటిలో రోజులు పడతాయి. అది ముందే కనుక్కోండి. రోజులు పట్టేదైతే ఫోన్‌లో ‘ఈ టికెట్ రద్దు చేసి, అదే మైల్స్‌తో ఈ విమానానికి ఇప్పుడే ఇవ్వండి’ అని ఒకే మాటగా అడగాలి. ఏజెంటు దాన్ని మార్పుగా చేస్తే మైల్స్ జమ కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

మూడోది అందరూ మర్చిపోయేది. రద్దు చేసిన అవార్డ్ సీటు మళ్లీ అవార్డ్ సీటుగానే ఖాళీ అవుతుందన్న హామీ లేదు. విమాన సంస్థ దాన్ని తీసుకెళ్లి డబ్బు టికెట్లలో కలిపేసుకోవచ్చు. ‘అవసరమైతే ఇదే సీటు మళ్లీ తీసుకుందాం’ అని మాత్రం రద్దు చేయకండి.

బ్యాంకు కార్డు పాయింట్లను మైల్స్‌గా మార్చుకునే ఆలోచన ఉంటే, అవి ఎంతసేపట్లో చేరతాయో చూశాకే చేయండి. కొన్ని బ్యాంకుల నుంచి కొన్ని విమాన సంస్థలకు క్షణాల్లో చేరతాయి, కొన్నింటికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒకసారి మార్చిన పాయింట్లు బ్యాంకుకు వెనక్కి రావు.

ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేసేశాను. ఇప్పుడు మార్పు మీట పనిచేయడం లేదు.

చెక్-ఇన్ అయిన టికెట్ విమానం నడిపే సంస్థ అదుపులోకి వెళ్తుంది. అప్పుడు టికెట్ జారీ చేసిన సంస్థ దాన్ని మార్చలేదు. ముందు యాప్‌లో ‘చెక్-ఇన్ రద్దు’ ఉందేమో చూడండి. లేకపోతే విమానం నడిపే సంస్థకు ఫోన్ చేసి ‘నన్ను ఆఫ్‌లోడ్ చేసి, టికెట్ కూపన్‌ను మళ్లీ ఓపెన్ స్థితికి తీసుకురండి’ అని అడగండి. అంటే ప్రయాణికుల జాబితాలోంచి మిమ్మల్ని తీసేసి, ఆ విమానానికి సంబంధించిన టికెట్ భాగాన్ని ఇంకా వాడనట్టుగా మార్చమని. అది జరిగాక జారీ చేసిన సంస్థకు ఫోన్ చేయాలి. ఈ రెండు ఫోన్లకూ గంటన్నర పోయినా ఆశ్చర్యం లేదు, అదీ విమానం దగ్గరపడుతున్నప్పుడు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగోలేదని తెలిసిన రోజుల్లో ప్రయాణిస్తుంటే, చెక్-ఇన్ తెరుచుకోగానే చేసేయకండి. బయల్దేరడం ఖాయమయ్యాకే చేయండి.

చివరి నిమిషంలో అవార్డ్ సీటు దొరుకుతుందా?

చాలామంది అనుకునేదానికంటే ఎక్కువగానే దొరుకుతుంది. అమ్ముడుపోని సీట్లను, ముఖ్యంగా బిజినెస్ తరగతివి, కొన్ని సంస్థలు చివరి రెండు వారాల్లోనో చివరి రెండు మూడు రోజుల్లోనో మైల్స్‌కు వదులుతాయి. పండుగలు, బడి సెలవుల రోజుల్లో ఆ ఆశ తక్కువ.

వెతికే పద్ధతిలోనే సగం ఫలితం ఉంటుంది:

- మొత్తం ప్రయాణాన్ని ఒకేసారి వెతికితే ‘లేవు’ అని వచ్చినా, ముక్కలుగా వెతికితే సీట్లు కనిపించొచ్చు. పొడవైన ముక్కను ముందు పట్టుకోండి. చిన్న ముక్క దొరకడం సులువు, కావాలంటే డబ్బుతో కొనుక్కోవచ్చు.
- ఒక భాగస్వామి సంస్థ విమానం మీ పథకం వెబ్‌సైట్‌లో కనిపించకపోతే, అదే విమాన సంస్థల కూటమిలోని మరో పథకం వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడ కనిపిస్తే విమానం నంబర్, తేదీ, తరగతి రాసుకుని మీ సంస్థకు ఫోన్ చేసి చదివి వినిపించండి. స్టార్ అలయన్స్ అనే కూటమిలో భాగస్వాములకిచ్చే అవార్డ్ సీట్లకు ఎకానమీలో ‘ఎక్స్’, బిజినెస్‌లో ‘ఐ’, ఫస్ట్‌లో ‘ఓ’ అనే తరగతి అక్షరాలుంటాయి. ‘ఐ తరగతిలో రెండు సీట్లున్నాయా’ అని అడిగితే ఏజెంటుకు పని సగం తగ్గుతుంది.
- పక్క ఊళ్ల విమానాశ్రయాలు, రైల్లోనో కారులోనో మూడు గంటల్లో చేరగలిగేవి, కలిపి చూడండి.
- కొన్నిసార్లు వెబ్‌సైట్ చూపించే సీటు నిజంగా ఉండదు, చివర్లో ‘పొరపాటు’ అని వస్తుంది. దాన్ని భూతం సీటంటారు. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే వదిలేసి ముందుకెళ్లండి.

టికెట్లు ముక్కలుగా తీసుకుంటే ఒక ప్రమాదముంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. సామాను కూడా చివరిదాకా వెళ్లదు, మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి. మధ్య దేశంలో అందుకు వీసా కావాల్సి రావొచ్చు. రెండు టికెట్ల మధ్య వీలైనంత ఎక్కువ వ్యవధి, కనీసం నాలుగైదు గంటలు ఉంచుకోండి. చేతి సామానుతోనే వెళ్లండి.

ఏజెంటుతో ఎలా మాట్లాడాలి?

మొదటి రెండు వాక్యాల్లో మొత్తం విషయం ఉండాలి. ఉదాహరణకు: ‘మా నాన్నగారు ఐసీయూలో ఉన్నారు. నా అవార్డ్ టికెట్‌ను రేపటి ఈ విమానానికి మార్చాలి, సీటు ఖాళీగా ఉందని చూశాను.’ ఆ వెంటనే పీఎన్ఆర్, కొత్త విమానం నంబర్, తేదీ. ‘ఏమైనా దారి ఉందా’ అని అడిగితే ఏజెంటు మొదటినుంచి వెతకడం మొదలుపెడతారు. ఆ లోపు సీటు పోతుంది.

రుసుం మాట వచ్చినప్పుడు అడగాల్సినవి రెండు. కుటుంబ అత్యవసరం కింద మినహాయింపు ఉందా? వెబ్‌సైట్ ఈ మార్పు చేయనివ్వలేదు కాబట్టి ఫోన్ ద్వారా చేసినందుకు తీసుకునే అదనపు రుసుం తీసేస్తారా? రెండోది చాలాసార్లు వెంటనే ఒప్పుకుంటారు.

కాదంటే పర్యవేక్షకుణ్ని అడగడం కంటే మర్యాదగా పెట్టేసి ఇంకోసారి ఫోన్ చేయడం ఎక్కువగా ఫలిస్తుంది. భాగస్వామి టికెట్లను మళ్లీ జారీ చేయడం అందరు ఏజెంట్లకూ అలవాటైన పని కాదు. తెలిసినవారు పడితే పది నిమిషాల్లో అయిపోతుంది. పెట్టేసేముందు ఏజెంటు పేరు, సమయం రాసుకోండి. ఏం మాట్లాడుకున్నారో బుకింగ్‌లో నోట్‌గా పెట్టమనండి.

మార్చేశాం అన్నారు, కొత్త వివరాలు యాప్‌లో కనిపిస్తున్నాయి. విమానాశ్రయంలో ‘టికెట్ లేదు’ అన్నారు. ఎందుకలా?

అత్యవసర మార్పుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, దీన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు.

బుకింగ్ వేరు, టికెట్ వేరు. ఏజెంటు కొత్త విమానంలో సీటు పెట్టగానే బుకింగ్ మారుతుంది, యాప్‌లోనూ కనిపిస్తుంది. కానీ పాత టికెట్‌ను కొత్త విమానాలకు అనుగుణంగా మళ్లీ జారీ చేయాలి. ఆ పని ఒక్కోసారి వెనక ఇంకో విభాగానికి క్యూలో వెళ్తుంది, అక్కడ గంటలు ఆగిపోతుంది. చెక్-ఇన్ కౌంటర్ కంప్యూటర్‌కు కావాల్సింది బుకింగ్ కాదు, ఆ విమానానికి ఓపెన్‌గా ఉన్న టికెట్ కూపన్.

అందుకే ఫోన్ పెట్టేముందు ‘టికెట్ మళ్లీ జారీ అయిందా, కొత్త టికెట్ నంబర్ ఏంటి’ అని అడగండి. రసీదు ఈ-మెయిల్‌లో వచ్చేదాకా లైన్లో ఉండగలిగితే ఇంకా మంచిది. ఆపైన విమానం నడిపేది వేరే సంస్థ అయితే వాళ్ల దగ్గర మీ బుకింగ్‌కు సాధారణంగా వేరే పీఎన్ఆర్ ఉంటుంది, అది అక్షరాలు, అంకెలు కలిపి ఆరు. దాన్ని కూడా అడిగి, వాళ్ల వెబ్‌సైట్‌లో తెరిచి చూడండి. అక్కడ పేరు, విమానం, టికెట్ నంబర్ మూడూ కనిపిస్తే నిశ్చింత. టికెట్ నంబర్ లేకపోతే అప్పటికప్పుడే మళ్లీ ఫోన్ చేయండి.

రుసుం మినహాయింపుకు ఏ పత్రాలు కావాలి?

ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం చాలావరకు సరిపోతుంది. అందులో రోగి పేరు, చేరిన తేదీ, వైద్యుడి పేరు, సంతకం, ఆసుపత్రి ఫోన్ నంబర్, దగ్గరి బంధువు రావాల్సిన అవసరముందన్న ఒక్క వాక్యం ఉండాలి. జబ్బు వివరాలన్నీ రాయించనక్కర్లేదు. అది మీ ఇంటి విషయం, విమాన సంస్థకు అవసరమూ లేదు. మరణమైతే మరణ ధ్రువపత్రం. అది రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆసుపత్రి ఇచ్చిన పత్రం ముందు పంపి, అసలుది తర్వాత ఇస్తామని చెప్పండి. ఆంగ్లంలో లేనిదైతే అనువాదం జతచేయండి.

బంధుత్వం రుజువు చేసే పత్రం కూడా అడుగుతారు. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల వరకు చాలా సంస్థలు దగ్గరి బంధువులుగా ఒప్పుకుంటాయి. తాతయ్య, నానమ్మ, అత్తమామల విషయం సంస్థను బట్టి ఉంటుంది. మేనమామ, పెద్దమ్మ అంటే కష్టమే, అయినా అడగడంలో తప్పులేదు.

మినహాయింపు తేలేదాకా ఆగవద్దు. రుసుం కట్టి సీటు పట్టుకోండి. పత్రాలు చేతికొచ్చాక రుసుం వాపసు కోసం రాతపూర్వకంగా అడగండి. ఇది వాళ్ల దయ మీద ఆధారపడ్డదే గానీ హక్కు కాదు. ఆప్తుల మరణానికి కొన్ని సంస్థలిచ్చే తగ్గింపు చార్జీలు కూడా సాధారణంగా నగదు టికెట్లకే వర్తిస్తాయి.

రుసుం కట్టేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

తప్పకుండా. ఆ విమాన సంస్థే ఈమధ్య మీ విమానం సమయం మార్చిందేమో పాత ఈ-మెయిళ్లలో వెతకండి. నెలల ముందు తీసుకున్న టికెట్లలో ఇది తరచుగా జరుగుతుంది. మార్పు పెద్దదైతే, మీరింకా ‘అంగీకరిస్తున్నాను’ మీట నొక్కకపోతే, ఉచితంగా మార్చుకోవడానికో మైల్స్ మొత్తం వెనక్కి తీసుకోవడానికో అది దారి తెరుస్తుంది. తుపానుకో సమ్మెకో ప్రకటించిన మినహాయింపులు కూడా చూడండి.

ఇక్కడ చట్టాలు కొంత తోడొస్తాయి. యూరోపియన్ యూనియన్ నిబంధన 261/2004 మైల్స్‌తో తీసుకున్న టికెట్లకూ వర్తిస్తుంది. విమానం రద్దయితే డబ్బో, మరో విమానమో ఎంచుకునే హక్కునిస్తుంది. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయల్దేరే, అక్కడే తిరిగే విమానాలకు 2024లో వచ్చిన వాపసు నియమం ప్రకారం, సమయం దేశీయ ప్రయాణంలో 3 గంటలు, అంతర్జాతీయంలో 6 గంటలు మారితే, మీరా మార్పును ఒప్పుకోనప్పుడు, కట్టింది కట్టిన రూపంలోనే వెనక్కి ఇవ్వాలి. అంటే మైల్స్ మైల్స్‌గా, పన్నులు డబ్బుగా. ఈ చట్టాలన్నీ సంస్థ వల్ల జరిగిన మార్పులకే. మీ ఇంటి అత్యవసరానికి ఇవి మార్పును ఉచితం చేయవు.

అమెరికాలో 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకునే నియమం చాలామందికి తెలుసు. అది ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు తీసుకున్న టికెట్లకు. రేపటి ప్రయాణానికి ఈరోజు తీసుకున్నదానికి దాని మీద ధీమా పెట్టుకోకండి.

నలుగురం వెళ్లాలి. ఇప్పుడు నేనొక్కణ్నే వేరేగా వెళ్తాను, మిగతావాళ్లు అనుకున్నట్టే వెళ్తారు.

బుకింగ్‌ను విడదీయమని అడగండి. మీ పేరు కొత్త పీఎన్ఆర్‌లోకి వెళ్లాక అప్పుడు మార్పు. విడదీయకుండా మారిస్తే నలుగురి విమానాలూ మారిపోతాయి. విడదీశాక మిగతా ముగ్గురి టికెట్లు, సీట్లు, భోజనం కోరికలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. సీటు నంబర్లు ఎగిరిపోవడం మామూలే.

ఒడిలో పసిబిడ్డ మీ టికెట్‌తో ముడిపడి ఉంటే బిడ్డను మిగిలిన పెద్దవారికి జతచేయించాలి. పిల్లలు పెద్దల తోడు లేకుండా మిగిలేలా సంస్థ విడదీయదు. ఒకరికి మైల్స్, రెండోవారికి తోడు వోచర్ (వెంట వచ్చేవారి టికెట్ కోసం ఇచ్చే కూపన్) కలిపి తీసుకున్న టికెట్ అయితే విడదీస్తే వోచర్ చెల్లకపోవచ్చు, ముందే అడగండి.

నా బదులు మా తమ్ముణ్ని ఇదే టికెట్ మీద పంపొచ్చా?

కుదరదు. పేరులో అక్షరదోషం దిద్దుతారు గానీ మనిషిని మార్చరు. మీది రద్దు చేసి ఆయన పేరుతో కొత్తది తీసుకోవాలి. ఇంకో చిక్కు: కొన్ని పథకాలు ముందుగా నమోదు చేసిన కుటుంబసభ్యులకే టికెట్ ఇవ్వనిస్తాయి, కొన్నిచోట్ల కొత్త పేరు చేర్చాక కొన్ని రోజులు ఆగాలి. అలాంటి పథకంలో మైల్స్ ఉన్నవారు ఇవాళే తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు చేర్చి పెట్టుకోవడం మంచిది.

వెళ్లడం అయిపోయింది. తిరుగు ప్రయాణం వాయిదా వేయాలి, ఎప్పటికో తెలియదు.

సగం వాడిన టికెట్‌ను రద్దు చేస్తే చాలా పథకాలు ఏమీ వెనక్కి ఇవ్వవు. కొన్ని మిగిలిన సగం విలువ ఇస్తాయి. కాబట్టి ఇక్కడ రద్దు కంటే తేదీ మార్పే మేలు. కొత్త తేదీ తెలియకపోయినా, కాస్త దూరంగా ఒక తేదీ పట్టుకుని పెట్టి, తర్వాత సర్దుకోండి. మార్పుకు ప్రతిసారీ రుసుం ఉంటే మాత్రం ఆ తేదీ జాగ్రత్తగా ఎంచుకోవాలి.

అవార్డ్ టికెట్ చెల్లుబాటు చాలా పథకాల్లో జారీ చేసిన రోజు నుంచి ఏడాది. ప్రయాణం మొదలైన రోజు నుంచి కాదు. పది నెలల ముందు తీసుకున్న టికెట్ అయితే మీకు మిగిలింది రెండు నెలలే. అలాగే తిరుగు టికెట్ చూపించాల్సిన వీసా మీద ఉన్నవారు దాన్ని పూర్తిగా రద్దు చేసేముందు ఆలోచించాలి. బస గడువు దాటిపోతుంటే టికెట్ కంటే అది ముందు చూసుకోవాల్సిన పని.

మార్గం మారితే వీసా సంగతేంటి?

పాత టికెట్ ఒక దేశం మీదుగా, కొత్తది ఇంకో దేశం మీదుగా వెళ్తుంది. తొందరలో ఎవరూ చూడరు. విమానం మారడానికే వీసా అడిగే దేశాలున్నాయి. అదే ఊళ్లో రెండు విమానాశ్రయాల మధ్య మారాల్సి వస్తే దాదాపు ఎప్పుడూ లోపలికి వెళ్లే అనుమతి కావాలి. సీటు ఖరారు చేసేముందు మీ పాస్‌పోర్టుకు ఆ దేశం నియమం చూడండి.

మైల్స్ ఎవరి ఖాతాలోవో ఆయనే ఆసుపత్రిలో ఉన్నారు.

ఆయన మైల్స్‌తో తీసుకున్న మీ టికెట్ చెల్లుతుంది, మీరు ప్రయాణించొచ్చు. కానీ మార్పు, రద్దు ఖాతాదారు చెప్పాలి. మాట్లాడగలిగితే ఆయన్ను ఫోన్‌లోకి తీసుకుని గుర్తింపు ప్రశ్నలకు జవాబు చెప్పించి, మీ పేరును ఖాతా తరఫున మాట్లాడే వ్యక్తిగా నమోదు చేయించండి. మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆసుపత్రి పత్రంతో సంస్థకు రాయాలి.

ఖాతాదారు చనిపోతే కొన్ని పథకాలు పత్రాలు చూసి మైల్స్‌ను వారసుల ఖాతాకు మారుస్తాయి, కొన్ని ఖాతా మూసేస్తాయి. ప్రయాణం ఇంకా మిగిలి ఉన్న టికెట్లుంటే, మరణవార్త తెలిపేటప్పుడే ఆ పీఎన్ఆర్‌లు చెప్పి వాటిని కదపవద్దని రాతపూర్వకంగా అడగండి.

తిరిగి వచ్చిన మైల్స్‌కు గడువు తీరిపోతే?

టికెట్ రద్దు చేయగానే గడువు తీరిన మైల్స్ ఖాతాలో జమై, ఆ క్షణమే మాయమయ్యే పథకాలున్నాయి. రద్దుకు ముందే ‘ఈ మైల్స్ గడువు ఎప్పటిది, వెనక్కొస్తే మిగులుతాయా’ అని అడగండి. మిగలవంటే తేదీ మార్చుకోవడమే దారి.

పన్నులు, ఇతర సుంకాలు మీరు కట్టిన కార్డుకే వెళ్తాయి. ఆ కార్డు మూసేసి ఉంటే బ్యాంకుకు ముందుగా చెప్పండి.

డబ్బు టికెట్‌ను మైల్స్‌తో అప్‌గ్రేడ్ చేసుకున్నాను.

విమానం మారితే అప్‌గ్రేడ్ వెంట రాదు. కొత్త విమానంలో అప్‌గ్రేడ్ సీటు ఖాళీ ఉంటేనే మళ్లీ ఇస్తారు. మైల్స్ వెనక్కి రావడం, టికెట్ మార్పు రుసుం రెండూ వేర్వేరు లెక్కలు, రెండూ అడగండి.

ప్రయాణ బీమా ఏం ఇస్తుంది?

మైల్స్ విలువను చాలా పాలసీలు లెక్కలోకి తీసుకోవు. మైల్స్ జమచేయడానికి కట్టిన రుసుం, వెనక్కి రాని పన్నులు, ముందే కట్టిన హోటల్ ఖర్చుల వంటివి మాత్రం అడగొచ్చు. రుసుం రసీదు, రద్దు ఈ-మెయిల్, వైద్యుడి పత్రం దాచుకోండి. పాలసీ తీసుకోకముందు నుంచే ఆ జబ్బు ఉంటే బీమా వర్తిస్తుందో లేదో చదవాల్సిన మొదటి నిబంధన. పన్నులు కట్టిన క్రెడిట్ కార్డుకు బీమా ఉందేమో కూడా చూడండి.

రోగినే వెంట తీసుకురావాలి. అవార్డ్ టికెట్ మీద వీలవుతుందా?

కూర్చుని ప్రయాణించగలిగితే వీలవుతుంది. శస్త్రచికిత్స జరిగి కొద్దిరోజులే అయినా, ఆక్సిజన్ కావాల్సి ఉన్నా, మెడిఫ్ అనే వైద్య పత్రం వైద్యుడితో నింపించి విమానం నడిపే సంస్థకు పంపాలి. ఈ ఒక్క పనికి మాత్రం టికెట్ జారీ చేసిన సంస్థ కాదు, విమానం నడిపేవారే ముఖ్యం. అనుమతికి చాలా సంస్థలు 48 నుంచి 72 గంటలు అడుగుతాయి, కాబట్టి టికెట్ తేదీని ఆ వ్యవధి చూసుకునే పెట్టుకోండి. చక్రాల కుర్చీ మాత్రమే కావాలంటే ఈ పత్రం అక్కర్లేదు, బుకింగ్‌లో కోరితే చాలు.

ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంది. ఇకమీద టికెట్లు ఎలా తీసుకుంటే మార్చుకోవడం సులువు?

వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, రెండు వేర్వేరు టికెట్లుగా తీసుకోండి. పథకం ఒకవైపు ప్రయాణానికి సగం మైల్సే అడిగేదైతే మీకేం నష్టం లేదు. అప్పుడు ఒకటి మారితే రెండోది చెక్కుచెదరదు, సగం వాడిన టికెట్ చిక్కూ రాదు. భాగస్వామి విమానం కంటే మైల్స్ సంస్థ సొంత విమానమైతే మార్పు వెబ్‌సైట్‌లోనే అయిపోతుంది. కొన్ని వేల మైల్స్ ఎక్కువైనా అది తీసుకోవడం మేలు. రద్దు రుసుం లేని ఒక పథకంలో, ఒక మనిషి ఒకవైపు వెళ్లడానికి సరిపడా మైల్స్ ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచండి. పీఎన్ఆర్‌లు, 13 అంకెల టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా వివరాలు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా ఒకచోట రాసి పెట్టుకోండి. విమానంలోనో ఆసుపత్రిలోనో మీ ఫోన్ పనిచేయనప్పుడు ఆ రద్దు మీట నొక్కాల్సింది వాళ్లే.